గుద్దు ఎవరిది

ఆ గుద్దు తనది కాదని వీరభద్రకు మోచేతి దగ్గర తెలిసింది.

తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే ప్యాడ్లు తొడుక్కుని బాక్సింగ్ నేర్చుకునే పిల్లల గుద్దులు పడుతున్నవాడికి ఏ గుద్దు ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లది ప్యాడు తోలు మీదే ఆగిపోతుంది. ఆరు నెలలు నేర్చినవాళ్లది అరచేతి దాకా వస్తుంది. శివజ్యోతి కుడిచేతి గుద్దు మొన్నమొన్నటి దాకా మణికట్టు దగ్గర చురుక్కుమని తగిలి, టప్పుమని చప్పుడు చేసి వెనక్కి పోయేది. ఆ చప్పుడంటే వీరభద్రకు ఇష్టం. డోన్ రైల్వే స్టేషన్ వెనక, మూతబడిన వేరుశనగ మిల్లు రేకుల షెడ్డులో అది పైకప్పుకు తగిలి ఇంకోసారి వినబడుతుంది. అది తను చేసిన చప్పుడు. మడమ తిప్పడం, తుంటి తిప్పడం, భుజం విసరడం, చివర్లో పిడికిలి బిగించి తగిలీ తగలగానే లాక్కోవడం. ఆ వరసంతా నాలుగేళ్లపాటు ఆమె ఒంట్లోకి ఎక్కించింది తనే.

ఇవాళ చప్పుడు లేదు. నిండు గోనెసంచిని నేల మీద దింపినట్టు మొద్దుగా ఒక మోత. అది అరచేతిలో ఆగలేదు, మణికట్టులోనూ ఆగలేదు. మోచేతి దాకా పాకి అక్కడ కూర్చుంది.

"మళ్ల కొట్టు," అన్నాడు.

ఆమె కొట్టింది. అదే మోత. ఈసారి అతని ఎడమకాలు అరడుగు వెనక్కి జరిగింది. జరగడం ఆమె చూసింది. చూడనట్టు కళ్లు దించుకుంది. ఆ దించుకోవడమే అతన్ని ఎక్కువ పొడిచింది.

"భుజం ల్యాయలేదేం?"

"లేచింది సార్."

"చేతులకు కట్టుకున్యా గానీ ప్యాడ్లు, కండ్లకు కట్టుకోలేదు మే. భుజం ల్యాయలేదు. మడమ తిరగలేదు. పాదం నేలకు అతుక్కోని ఉండాది. ఎవురు నేర్పిచ్చిరి?"

"ఎవురూ లేదు సార్. మీరు చెప్పిందే చేస్తాండా."

అతని కళ్లలోకి చూడకుండా రొమ్ము వైపు చూస్తూ అంది. ఎదుటివాడి కళ్లు మోసం చేస్తాయి, రొమ్ము చూడమని నేర్పిందీ తనే.

"కడపకు ఇంక పండ్రెండు దినాలుండాది. ఇప్పుడు కొత్త యవ్వారాలు పెట్టాకు."

"సరే సార్," అని ఆమె పాతరకంగా కొట్టింది. టప్. టప్. అడిగినవాడికి అడిగింది ఇచ్చి పంపినట్టు.

కడపలో రాష్ట్ర జట్టు ఎంపికలు. ఆ షెడ్డు నుంచి అంత దూరం పోతున్న మొదటి మనిషి శివజ్యోతి. డిగ్రీ రెండో ఏడు, యాభైనాలుగు కిలోలు. దరఖాస్తులో కోచ్ అనే గడిలో వీరభద్ర తన పేరు తనే రాశాడు. రాసేటప్పుడు అక్షరాలు రోజూ రాసేదానికంటే పెద్దవిగా పడ్డాయి.

అతనికి ఒక సంగతి ఉంది, భార్య మహాదేవికి కూడా చెప్పనిది. పంతొమ్మిదేళ్ల కిందట, ఇంకా రింగులో ఉన్న రోజుల్లో, ఒక పోటీలో అతని కుడిచేతి గుద్దు ఎదుటివాడి గడ్డం మీద నిఖార్సుగా దిగింది. దూరం, వేగం, కోణం అన్నీ పాఠంలో చెప్పినట్టే కుదిరాయి. కొట్టించుకున్నవాడు నవ్వాడు. అది వెక్కిరింత కాదు. వెక్కిరింతయితే ఎప్పుడో మరిచిపోయేవాడు. దేనికో భయపడి ఉండి, 'ఇంతేనా' అని తేలికపడ్డ మనిషి నవ్వు. చుట్టూ ఉన్న మూడొందల మందిలో ఎవరికీ అది కనబడలేదు. ఆ తర్వాత వీరభద్ర గుద్దులో తప్పు పట్టుకోవాలని ఏళ్లు గడిపాడు, దొరకలేదు. తప్పు లేకపోవడమే భయపెట్టింది. తప్పయితే దిద్దుకోవచ్చు. లేనిదాన్ని ఏం చేస్తాడు? పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాక టప్పుమనే చప్పుడుతో ఆ ఖాళీని కప్పేశాడు.

ఆ ఖాళీలో ఉండాల్సింది ఇవాళ ఈ పిల్ల చేతిలో ఉంది. ఎవరో ఇచ్చారు.

ఆ పొద్దున స్టేషన్ ముందు గిడ్డమ్మ బండి దగ్గర ఉగ్గాని తింటుంటే, అడక్కుండానే తెలిసిపోయింది. గిడ్డమ్మ శివజ్యోతి తల్లి. పెనం మీద బొరుగులు కలియబెడుతూ, "మా పాప రెక్క నొప్పి పూర్తిగా పాయె సార్. దూదేకుల ఇమామన్న పుణ్యం," అంది.

"ఏ ఇమామ్?"

"పాత బస్టాండు కాడ పరుపుల అంగడి సార్. పరుపు ఏకనీకి ఏసింటిమి. తీసకరానీకి పోయినప్పుడు ఆయన్న చూసినాడంట, ఈ రెక్క ఇట్ల పెట్టుకుంటే ఊడిపోతాది పాపా అని. రెండు నెల్లాయె, పొద్దన్నే ఆడికి పొయ్యి ఆడ్నుంచే మీ కాడికి వస్తాది." అప్పుడు అతని మొహం చూసి గరిటె ఆపింది. "చెప్పలేదా మీకు? అయ్యో, నా నోట్లో మన్ను బొయ్య. చెప్పొద్దనె నాకు."

భుజం నొప్పి సంగతి తనకు చెప్పలేదని మొదట కోపం వచ్చింది. చెప్పిందని వెంటనే గుర్తొచ్చింది. ఓర్చుకోవాల, నొప్పి లేకుండా ఏదీ రాదు అని తనే అన్నాడు. ఆ జ్ఞాపకాన్ని మనసు ఎంత తొందరగా పక్కకు నెట్టిందంటే, తిన్న ఎంగిలాకు పారేసేలోపు మళ్లీ కోపం ఒక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున షెడ్డుకు పోకుండా పాత బస్టాండు దారి పట్టాడు. పిల్ల మేలు కోసమే పోతున్నాననుకున్నాడు. ఆ వీధి పొడుగునా అది నిజమని నమ్మాడు కూడా.

అంగడి రోడ్డు మీదికే ఉంది. ముందు భాగంలో దూది ఏకే యంత్రం, ఇంకా ఆన్ చేయలేదు. వెనక గోడ వెంట దూది మూటలు. ఇమామ్‌కు యాభై అయిదు ఉంటాయి. కనుబొమల మీద దూది నుసి. కువైట్లో పదకొండేళ్లు చేసి వచ్చాక పొద్దున్నే అంగట్లో నిలబడి గాలిని తోస్తున్నట్టు చేతులాడిస్తాడని వీధిలో అతనికి 'చీనా సాబు' అని పేరు పడింది. మోకాళ్ల నొప్పులున్న రిటైరైన టీచర్లు నలుగురు కొన్నాళ్లు వచ్చి మానుకున్నారు. మూల కూర్చుని పరుపు గలేబు కుడుతున్నది అతని భార్య జైనాబ్ బీ.

మధ్యలో శివజ్యోతి నిలబడి ఉంది. మోకాళ్లు కొంచెం వంగి, పెద్ద బానను కావలించుకున్నట్టు చేతులు ముందుకు పెట్టి, కదలకుండా.

"ఏమప్పా, రోడ్డు మింద నిలబడి ఎంతసేపు చూస్తావు? టిక్కెట్టేం లేదులే, లోపలికి రా," అన్నాడు ఇమామ్, తల తిప్పకుండానే.

శివజ్యోతి అతన్ని చూసి చేతులు దించింది.

"దించాకు," అన్నాడు ఇమామ్. "ఆయప్ప వచ్చినాడని ఒళ్లు బిగిచ్చినావు సూడు, నిలబడిందంతా పాయె."

ఆమె మళ్లీ చేతులెత్తింది. తన కళ్ల ముందే, ఇంకొకడి మాటకు.

"సెలక్షన్లు పెట్టుకోని పిల్లను కొంగ మాదిరి నిలబెడ్తాండావే, బుద్ధుండాదా నీకు?"

"కొంగది ఒంటికాలప్పా. ఈ పాప రెండు కాళ్ల మింద ఉండాది. లెక్క కూడా నేర్పరా మీ బాక్సింగులో?"

జైనాబ్ బీ నవ్వుతూ దారం పంటితో తెంపింది. వీరభద్ర చెప్పులు విప్పకుండా దూది మీదికి అడుగుపెట్టాడు. అది ఆమె చూసి నవ్వు ఆపేసింది.

"నువ్వెన్ని రౌండ్లు ఆడినావు?"

"ఒగటీ లేదు."

"మల్ల ఏమెరుక నీకు గుద్దు సంగతి?"

"మూటల సంగతి ఎరుక. కువైట్లో బియ్యం మూటలు దించినా. భుజంతో ఎత్తినోళ్లంతా రెండేండ్లకే ఇంటికి పాయిరి. మా మేస్త్రీ మలేషియా చీనావాడు, అరవై దాటినోడు, మమ్మల్నందర్ని మించి ఎత్తేటోడు. అదెట్లో చెప్పమంటే ఆర్నెల్లు ఇట్లనే నిలబెట్టినాడు." ఇమామ్ శివజ్యోతి భుజాన్ని ఒక వేలితో నెట్టాడు. ఆమె ఊగలేదు. "మీ దాంట్లో మడమ తిరగాల, తుంటి తిరగాల, భుజం పోవాల, చెయ్యి పోవాల. వరసన నిలబడి ఇటుకలు అందిచ్చుకున్నట్టు. నడిమధ్యలో ఒగడు జారిడిస్తే పాయె. ఈ పాపకు భుజం కాడ జారిపోతాండె. నేను కొత్తగా పెట్టిందేమీ లేదు, బిగువు తీసేసినా. పాదం నుంచి అరచెయ్యి దాకా ఒళ్లంతా ఒగేసారి కదలాల. చెయ్యి ఊరికే ముందుండాల, అంతే."

"ఎదుటోడు మూట మాదిరి నిలబడతాడా నీకు? వాడు కదులుతాడు. కొడ్తాడు. నీ పాదం నేలకు అంటుకునేలోపల మూతికి నాలుగు తగుల్తాయి. దూరం నుంచి పొయ్యి కొట్టి, కొట్టిచ్చుకోకుండా రావాల. దానికే ఆ వరస. అది తెలీనోడివి, పిల్ల కాళ్లు నేలకు కట్టేస్తాండావు."

శివజ్యోతి తల ఊపినట్టే అయింది. ఆ మాటలో నిజం ఉంది, అక్కడ ఆగి ఉంటే వీరభద్ర గెలిచి వెళ్లేవాడు. కాని అతను వచ్చింది ఆ గెలుపు కోసం కాదు.

"ఆ పిల్ల గుద్దులో ఉండే బరువు నాది," అన్నాడు. "నాలుగేండ్లు నేను పెంచిన బరువు. రెండు నెలలు నిలబెట్టి నీదంటే కుదరదు."

ఇమామ్ అతని చేతుల వైపు, భుజాల వైపు తీరిగ్గా చూశాడు. పరుపు చూసి దూది ఎంత పడుతుందో చెప్పేవాడి చూపు.

"నీదే అయితే, నీ గుద్దులో యాడ పాయె?"

పాత సంగతేమీ తెలియకుండా, ఎవరూ చెప్పకుండా, ఆ మాట సూటిగా ఆ ఖాళీకే వచ్చి తగిలింది. ఈ మనిషికి ఎలా తెలుసనే ప్రశ్న వీరభద్రకు రాలేదు. ఇది శివజ్యోతి విందన్నదొక్కటే తెలిసింది.

"చూస్తావా?" అన్నాడు. గోడకు ఆనించిన కొత్త పరుపు వైపు చెయ్యి చూపించాడు. "తియ్యి దాన్ని."

ఆ అంగట్లో ఒక పద్ధతి ఉంది. పరుపు నింపాక, అడ్డంగా కుట్టు టాకాలు వేసేముందు, కొన్నవాళ్లను దాని వెనక నిలబెట్టి ఒంటికి ఆనించుకోమని, ముందు నుంచి ఇమామ్ అరచేత్తో నాలుగైదు చోట్ల తడతాడు. దెబ్బ అన్నిచోట్లా మెత్తగా ఒకేరకంగా అందితే దూది సమంగా పరుచుకున్నట్టు. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడ పలచనైనట్టు. విప్పి మళ్లీ నింపుతాడు. టాకాలు పడేదాకా లోపలి దూది ఎటు తోస్తే అటు జరుగుతూ ఉంటుంది.

"పాపా, ఎనక నిలబడు," అన్నాడు ఇమామ్. "ఎవురిది యాడిదాక వస్తాదో నువ్వే చెప్పు."

"వద్దు మామా. సార్, వద్దు సార్."

"పట్టుకో," అన్నాడు వీరభద్ర.

"పట్టుకోమ్మా, ఆయప్ప మురిపెం తీరనీ."

ఇద్దరూ చెప్పారు. అడిగినవాడు లేడు. ఆమె పరుపును నిలబెట్టి రెండు చేతులతో కావలించుకుంది. దాని పైన కళ్లు మాత్రం కనబడుతున్నాయి.

ఇమామ్ అరచెయ్యి పరుపు మీద ఆనించాడు. చెయ్యి వెనక్కి తీయలేదు. ఏం కదిలిందో వీరభద్రకు కనబడలేదు. లుంగీ అంచు ఒక్కసారి అదిరింది, అంతే. శివజ్యోతి మూడడుగులు వెనక్కి జారి దూది మూటలకు తగిలి నిలబడింది. నవ్వింది. "కడుపులో నీళ్లు కదిలినట్టయ్యె మామా," అంది.

ఆ నవ్వు అయ్యేదాకా ఆగి వీరభద్ర నిలబడాల్సిన తీరులో నిలబడ్డాడు. ఎడమ కాలు ముందు, గడ్డం లోపలికి. కుడి మడమ తిరిగింది, తుంటి తిరిగింది, భుజం వెళ్లింది. పిడికిలి పరుపులోకి మణికట్టు దాకా దిగి, దిగినంత వేగంగా వెనక్కి వచ్చింది. ఇరవై అయిదేళ్ల సాధనలో ఒక్క ఇటుకా జారలేదు.

"వచ్చిందా?"

"రాలేదు సార్."

పరుపు పైనున్న ఆ కళ్లలో అతను నవ్వు కోసం వెతికాడు. నవ్వు ఉంటే ఏం చేయాలో పంతొమ్మిదేళ్లుగా అనుకుంటూ ఉన్నాడు. నవ్వు లేదు. జాలి ఉంది. దానికి అతను ఏమీ సిద్ధం చేసుకోలేదు.

ఇమామ్ గోడకు ఆనుకున్నాడు. పిడికిలి దిగిన చోట గుడ్డ గుంటపడి ఉంది. దూది నాలుగు పక్కలకూ తప్పుకుని అక్కడ రెండు గుడ్డలు తప్ప ఏమీ మిగల్లేదని ఏళ్ల తరబడి పరుపులు నింపిన మనిషికి తెలియకుండా ఉండదు. అయినా ఊరుకున్నాడు. అడ్డం లేకపోయినా ఇంకొక గుద్దు కూడా రాకుండా పోవడం చూడాలని ఉంది అతనికి.

"ఆగప్పా, ఆడ దూది జరిగి—" అని జైనాబ్ బీ లేచింది.

వీరభద్ర ఆ మాట విన్నాడు. విన్నాడనే విషయం తర్వాత తనకు తను ఎన్నిసార్లు కాదని చెప్పుకున్నా కుదరలేదు. అప్పటికి మడమ తిరిగిందన్నది నిజమే. కాని తిరిగిన మడమను ఆపడం, వెళ్లిన చేతిని గాలిలోనే చంపేయడం బాక్సరు మొదట నేర్చుకునే పని. ఈ పిల్ల మీదే కొన్ని వేలసార్లు చేశాడు. పిడికిలి గుడ్డను తాకిన క్షణంలో అడ్డంగా ఏమీ లేదని వేళ్లకు తెలిసింది. చెయ్యి లాక్కోలేదు. ఇంకా లోపలికి తోశాడు.

లోపల ఎండుపుల్ల విరిగినట్టు ఏదో అయింది. శివజ్యోతి అరవలేదు. పరుపును వదలకుండానే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది.

"ఇద్దరూ ఒగటేరకం ముండాకొడుకులు!" అంది జైనాబ్ బీ, పరుపును కాలితో తోసి పిల్లను ఒళ్లోకి తీసుకుంటూ. "నీకు తెల్దా దూది జరిగిపోతాదని? నోట్లో ఏం పెట్టుకోని నిలబడితివి?" అది మొగుడికి. వీరభద్రను ఆమె విడిగా ఒక్క మాట కూడా అనలేదు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశాడు. ఎడమ పక్కటెముక ఒకటి చిట్లింది. ఊపిరితిత్తికేం కాలేదు. ఆరు వారాలు బరువెత్తకూడదు, పరుగెత్తకూడదు. "దేనితో తగిలింది?" అని అడిగితే, "పరుపు పట్టుకోనింటి," అంది శివజ్యోతి. డాక్టరు హాస్యమనుకుని నవ్వబోయి ఆగాడు.

గిడ్డమ్మ పసుపు చేతులతోనే బండి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని, "కడపకు పోయేది ల్యా ఇంగ?" అని ఒక్కటే అడిగింది. మందుల చీటీ తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

జైనాబ్ బీ పిల్ల తల దగ్గర కూర్చుని ఉంది, ఇమామ్ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదమ్మా. ముందర తగిలింది నా చెయ్యి. ఆ దెబ్బ పైకి కనపడదు. లోపలికి పొయ్యి, రోంతసేపటికి పని చేస్తాది. మా మేస్త్రీ చెప్పిండె. ఎముక అప్పుడే చిట్లింటాది."

అందులో సిగ్గు ఉంది. సిగ్గు అడుగున ఇంకోటి ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి వీరభద్రకు క్షణం పట్టలేదు, ఎందుకంటే తన దగ్గర అదే ఉంది.

"కాదు," అన్నాడు. "అది నాది."

"నీది దూదిలోనే పాయె కదప్పా."

"మొదటిది పాయె. రెండోది పాలేదు. ఎముక తగిలింది నాకు. నా చేతి ఏళ్లకు తెలుసు."

"నేను కొట్టినప్పుడే ఆ పాప మూడడుగులు—"

"నవ్వె కదా అప్పుడు! ఎముక ఇరిగినోళ్లు నవ్వుతారా? నాదే అంటాండా!"

వీరభద్రకు తన గొంతు అప్పుడు వినబడింది. తప్పు ఒప్పుకునేవాడి గొంతు అలా ఉండదు. ఎవరో తీసుకుపోతున్న వస్తువును రెండు చేతులా పట్టుకున్నవాడి గొంతు అది. కడుపులో ఎక్కడో, ఆసుపత్రికి వచ్చే దారంతా, భయం కింద ఒక వెచ్చదనం ఉండింది. అదేమిటో ఇప్పుడు తెలిసింది. వచ్చింది. తన గుద్దు ఒకరి దాకా వచ్చింది.

అది తన మొహంలో కనబడుతున్నదేమోనని శివజ్యోతి వైపు చూశాడు. కనబడింది. ఆమె ఈసారి రొమ్ము వైపు కాదు, నేరుగా కళ్లలోకి చూస్తున్నది.

"అయిపాయనా?" అంది.

దిండు మీంచి తల ఎత్తి ఇద్దర్నీ చూసింది.

"ఇంగా ఉంటే బయటికి పొయ్యి తేల్చుకోండి. నా ఎముక మింద ఎవురి పేరు రాసుకుంటారో."

"పాపా, నా మాట ఇను—"

"పో మామా. మీరు గూడా సార్."

జైనాబ్ బీ లేచి మొగుడికి తలుపు చూపించింది. అతని వెనకే వీరభద్ర కూడా నడిచాడు. ఇమామ్ వరండా చివరి దాకా పోయి, మెట్ల మీద అతనికి వీపు పెట్టి కూర్చున్నాడు. వీరభద్ర తలుపు దగ్గరే ఆగిపోయాడు. తలుపు పూర్తిగా మూసుకోలేదు. లోపలికి పోవడానికీ లేదు, పోవడానికి వేరే చోటూ లేదు.

లోపల శివజ్యోతి ఫోను పొట్ట మీద పెట్టుకుని స్పీకరులో మాట్లాడుతున్నది. కడపలో ఎంపికలు చూసే ఆఫీసు గుమస్తా. గాయమైంది, రాలేనని చెప్పింది. అతను అయ్యో అన్నాడు. వచ్చే ఏడాదికి ఇప్పుడే పేరు ఎక్కించుకోవచ్చని, వివరాలు పాతవే ఉంచనా అని అడిగాడు.

"కోచ్ పేరు మార్చాల."

"వీరభద్ర గారు అని ఉందమ్మా."

"ఆ పేరు తీసేయండి."

"తీసేసి ఎవరిది పెట్టమంటావు?"

తలుపు బయట వీరభద్ర సందుకు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. మెట్ల మీద ఇమామ్ కూడా తల ఇటు తిప్పాడు.

"ఎవురిదీ వద్దు. ఖాళీ పెట్టండి."

"ఖాళీ పెడితే కంప్యూటరు తీసుకోదమ్మా. ఏదో ఒక పేరు ఉండాలి."



"అయితే నాదే రాయండి."

"నీకు నువ్వే కోచా?" గుమస్తా నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆగి, ఇంగ్లీషులో అక్షరాలు చెప్పమన్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. రెండక్షరాలకొకసారి పక్కటెముక నొప్పికి ఆగి, చిన్నగా ఊపిరి తీసుకుని, ఆపిన చోటి నుంచి మళ్లీ చెబుతూ, చివరి అక్షరం దాకా చెప్పింది.